స్లైడు ఒక్కటే చూసి దవడ కణితికి పేరు పెట్టకండి

"ఇన్‌ఫెక్టెడ్ ఒడాంటోజెనిక్ సిస్ట్." దవడ బయాప్సీ రిపోర్టుల్లో తరచూ కనబడే మాట ఇది. చీము పట్టిన దంత సంబంధ తిత్తి అని అర్థం. అబద్ధమని అనలేం. కానీ దాన్ని పట్టుకుని సర్జన్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. రేడిక్యులర్ సిస్టయినా (చచ్చిన పన్ను వేరు కొసన వచ్చే తిత్తి), డెంటిజెరస్ సిస్టయినా (రాని పన్ను తల చుట్టూ వచ్చే తిత్తి), ఓకేసీ (ఒడాంటోజెనిక్ కెరటోసిస్ట్, కెరాటిన్ నిండే తిత్తి) అయినా, యూనిసిస్టిక్ అమిలోబ్లాస్టోమా (తిత్తిలా కనిపించే కణితి) అయినా, చీము పట్టాక తీసిన చిన్న ముక్కలో అన్నీ ఒక్కలాగే కనిపించొచ్చు. మొదటిదానికి పుచ్చిన పన్ను సంగతి చూసి, తిత్తి తీసేస్తే అయిపోతుంది. చివరిదాంట్లో ఒక రకానికి దవడ ఎముకలోనే కొంత భాగం కోసి తీయాల్సి రావచ్చు. ఇంత తేడా ఉన్న రోగాలకి ఒకే రిపోర్టు వస్తే అందరి వేలూ పెథాలజిస్టు (స్లైడు చదివే డాక్టరు) వైపే చూపిస్తుంది. నా లెక్క వేరు. దవడ కణితుల్లో తప్పు చాలావరకు మైక్రోస్కోపు దగ్గరికి రాకముందే జరిగిపోతుంది. ముక్క ఎక్కణ్ణుంచి తీశారు, దేంట్లో వేసి పంపారు, జతగా ఎక్స్‌రే పెట్టారా లేదా అన్నచోటే రోగనిర్ణయం సగం తేలిపోతుంది, లేదా సగం చెడిపోతుంది. ఎక్స్‌రే చూడకుండా దవడ స్లైడు మీద సంతకం పెట్టకూడదన్నది నా వాదన.

పన్ను ఎలా తయారవుతుందో గుర్తున్నవాళ్లకి ఈ కణితులతో వచ్చే చిక్కు ఇట్టే అర్థమవుతుంది. గర్భంలో ఆరో వారం ప్రాంతంలో నోటి పైపొర దవడలోకి దిగి డెంటల్ లామినా అవుతుంది. దాని కొసన ఎనామిల్ ఆర్గాన్ (పన్ను పైపెంకు చేసేది), దాన్ని ఆనుకుని డెంటల్ పాపిల్లా (పన్ను లోపలి భాగం చేసేది), రెంటినీ చుట్టి ఫాలికల్ (సంచి) ఏర్పడతాయి. పని అయిపోయాక కూడా కొన్ని కణాలు పూర్తిగా పోవు. వేరు చుట్టూ ఉన్న లిగమెంటులో మలాసెజ్ రెస్టులు (మిగులు కణాల గుంపులు), చిగురులో సెర్రెస్ రెస్టులు, ఇంకా బయటికి రాని పన్ను తలమీద పల్చని ఎపిథీలియం (పైపొర కణాలు) మిగిలిపోతాయి. ఒడాంటోజెనిక్ కణితులు ఈ సరుకునే అనుకరిస్తాయి. అమిలోబ్లాస్టోమా అంటే ఎనామిల్ చేయని ఎనామిల్ ఆర్గాన్. మిక్సోమా (జిగురులాంటి మెత్తటి కణితి) చూడ్డానికి పాపిల్లాలాగే ఉంటుంది. కాబట్టి కణితి మామూలు కణజాలంలా, మామూలు కణజాలం కణితిలా కనబడటం ఇక్కడ వింతేమీ కాదు.

దీనివల్ల జరిగే పొరపాట్లలో నాకు అన్నిటికన్నా బాధాకరంగా అనిపించేది లేని రోగాన్ని ఉందనడం. పదిహేడేళ్ల పిల్లకి ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతం తీస్తారు. పన్ను తల చుట్టూ మెత్తటి కణజాలం కాస్త ఎక్కువగా ఉందని దాన్నీ ల్యాబ్‌కి పంపిస్తారు. స్లైడులో లేత నీలి మిక్సాయిడ్ (జిగురులాంటి) పదార్థం, అందులో నక్షత్రాల్లాంటి కణాలు, అక్కడక్కడ ఎపిథీలియం దిబ్బలు. దంతాల సంగతి పెద్దగా చూడని ల్యాబ్‌లో దీనికి "ఒడాంటోజెనిక్ మిక్సోమా" అనో, "అమిలోబ్లాస్టిక్ ఫైబ్రోమా" అనో పేరు పడుతుంది. మిక్సోమాకి క్యాప్సూల్ ఉండదు, గీకితే తిరిగొస్తుంది, అందుకని సర్జన్ ఎముక కోత గురించి ఆలోచిస్తాడు. ఓపీజీ (దవడలు మొత్తం ఒకేదాంట్లో పడే ఎక్స్‌రే) ఒక్కసారి చూసి ఉంటే కథ అక్కడితో ఆగేది: పన్ను తల చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల నల్లటి అంచు, దవడ ఉబ్బలేదు, పక్క పళ్లు కదల్లేదు. అది ఫాలికల్. నిజమైన మిక్సోమాలో ఎముకలో పెద్ద నల్లటి ఖాళీ ఉంటుంది, దాన్లో సన్నగా, తిన్నగా, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే గీతలు ఉంటాయి. ఇంకా ఎదుగుతున్న పన్ను వేరు కొస నుంచి వచ్చిన పాపిల్లా కూడా ఇలాగే మోసం చేస్తుంది. అంచున ఒడాంటోబ్లాస్టులు (పన్ను లోపలి డెంటిన్ చేసే కణాలు) వరసగా నిలబడి ఉన్నాయేమో వెతికితే అది బయటపడుతుంది. అయితే వెతకాలన్న అనుమానం రావాలంటే "ఇది పన్నుతో పాటు వచ్చిన ముక్క" అని ఎవరో ఒకరు కాగితం మీద రాసి ఉండాలి.

ఇక ఎక్స్‌రే. ఓపీజీ చూడగానే చాలామంది కళ్లు నల్లటి ఖాళీ లోపలికి వెళ్తాయి: ఒక గదా, అనేక గదులా అని. అది చివరికి చూడాల్సింది. ముందు చూడాల్సింది ఆ ఖాళీ ఎక్కడ మొదలైందన్నది. కింది దవడలో నరం వెళ్లే కాలువకి పైన పుట్టిందా, కిందా? పైన అయితే దంత సంబంధం అనుకోవాలి, పూర్తిగా కింద ఉంటే చాలాసార్లు దంతాలకీ దానికీ సంబంధమే ఉండదు. దవడ కోణం దగ్గర, కాలువ కింద గుండ్రంగా ఉండే స్టాఫ్నే డిఫెక్ట్ అసలు రోగమే కాదు, లాలాజల గ్రంథి ఒరుసుకున్న గుంట. దాన్ని తెరిచి బయాప్సీ చేయడం అనవసరం. తర్వాత పన్నుతో సంబంధం. డెంటిజెరస్ సిస్ట్ పన్ను మెడ దగ్గర అంటుకుని తలని మాత్రమే కప్పుతుంది. పై దవడ కోరపన్ను చుట్టూ ఉన్న ఖాళీ మెడ దాటి వేరు మీదికి కూడా పాకి, లోపల సన్నటి తెల్ల రేణువులు కనిపిస్తే ఏఓటీ (అడినోమటాయిడ్ ఒడాంటోజెనిక్ ట్యూమర్) గుర్తుకు రావాలి. డెంటల్ కాలేజీల్లో దీన్ని "మూడింట రెండు" కణితి అని నేర్పుతారు: సుమారు మూడింట రెండొంతులు పై దవడలో, ఆడపిల్లల్లో, పదేళ్లకీ ఇరవై ఏళ్లకీ మధ్య, రాని కోరపన్ను చుట్టూ. చుట్టూ క్యాప్సూల్ ఉంటుంది, ఒలిచి తీస్తే చాలు, తిరిగి రావడం బహు అరుదు. దీన్ని అమిలోబ్లాస్టోమా అని పొరబడితే చిన్నపిల్ల దవడ పోతుంది.

పక్క పళ్ల వేర్లు చెప్పేది కూడా వినాలి. వేర్లు కత్తితో నరికినట్టు తెగిపోయి, దవడ బయటికీ లోపలికీ ఉబ్బి ఉంటే అమిలోబ్లాస్టోమా వైపు మొగ్గాలి. ఓకేసీ దానికి ఎదురుగుణం: ఎముక మూలుగు వెంట ముందుకీ వెనక్కీ పొడవునా పాకుతుంది, ఉబ్బు మాత్రం తక్కువ. జ్ఞానదంతం నుంచి ముందు పళ్ల దాకా ఖాళీ ఉండి బుగ్గ మామూలుగా ఉందంటే ఓకేసీ పేరు ముందు రాయొచ్చు. ఓపీజీకి ఉన్న పెద్ద లోపం అది చదును చిత్రం కావడం. బుగ్గవైపు, నాలుకవైపు ఎముక పలకలు ఎంత పల్చబడ్డాయో, ఎక్కడ చిల్లుపడ్డాయో చెప్పదు, ముందు పళ్ల దగ్గర వెన్నెముక నీడ పడి మసకేస్తుంది. ఆ పని సీబీసీటీది (దవడల్ని మూడు కొలతల్లో చూపే సీటీ). పలక చిల్లుపడి కణితి కండలోకి దిగిందన్న అనుమానం ఉంటే సీబీసీటీ కూడా చాలదు, మెత్తటి కణజాలం దాన్లో తేలదు కాబట్టి కాంట్రాస్ట్ సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీయించాలి.

వైటాలిటీ టెస్టు (పన్నులో ప్రాణం ఉందో లేదో చూసే పరీక్ష) గురించి ఒక్క మాట. అయిదు నిమిషాల పని, దాదాపు ఖర్చు లేదు, అయినా చేయరు. ఖాళీకి ఆనుకున్న పన్నులో ప్రాణం లేకపోతే రేడిక్యులర్ సిస్ట్ అవకాశం ఎక్కువ. పన్ను బతికే ఉంటే ఆ ఖాళీకి వేరే కారణం వెతకాలి. నలభై దాటిన ఆడవాళ్లలో కింది ముందు పళ్ల వేర్ల కొసన నల్లటి మచ్చలు కనబడితే చాలాచోట్ల వెంటనే ఆర్‌సీటీ (రూట్ కెనాల్) చేసేస్తారు. పళ్లన్నీ బతికే ఉంటాయి. అది సెమెంటో-ఆసియస్ డిస్‌ప్లేసియా (ఎముక స్థానంలో గట్టి పదార్థం చేరే, కణితి కాని మార్పు). దానికి ఆర్‌సీటీ అక్కర్లేదు, బయాప్సీ కూడా వద్దు, ఎందుకంటే గట్టిపడిన ఆ భాగంలో రక్తప్రసారం తక్కువ, కోస్తే చీము పట్టి మానదు. దవడల్లో బయాప్సీ చేయకుండానే పేరు పెట్టాల్సిన రోగాల్లో ఇదొకటి. కింది పెదవి తిమ్మిరెక్కి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. మామూలు కణితి నరాన్ని పక్కకి నెడుతుంది గానీ సాధారణంగా మొద్దుబార్చదు. చీము లేకుండా తిమ్మిరి వస్తే క్యాన్సర్ కాదని తేలేదాకా నిద్రపోకూడదు.

కత్తి పెట్టేముందు సూది పెట్టాలి. పద్ధెనిమిది గేజ్ సూదితో లాగి చూడటం రక్షణ కోసం కూడా. ఎర్రటి రక్తం ఒత్తిడితో సిరంజిలోకి ఎక్కిందంటే అక్కడే ఆగాలి, అది రక్తనాళాల గడ్డ కావచ్చు. తెలిసీ తెలియక పన్ను పీకితే టేబుల్ మీదే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డిరంగు నీరు, అందులో మెరిసే రేణువులు వస్తే సిస్టు. తెల్లగా, పెరుగు మీగడలా చిక్కగా వస్తే కెరాటిన్, అంటే ఓకేసీ వైపు. గాలి వస్తే మీరు సైనస్‌లోకి వెళ్లారు. ఏమీ రాకపోతే లోపల గట్టి కణితి ఉండొచ్చు. ఇదంతా రిక్విజిషన్ ఫారంలో (ముక్కతో పాటు ల్యాబ్‌కి పంపే కాగితంలో) ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయని ఫారాలే ఎక్కువ.

బయాప్సీ ముక్క విషయంలో పెద్ద తప్పు, తేలిగ్గా దొరికిన చోట కోయడం. పన్ను పీకిన గుంటలోంచి క్యూరెట్‌తో గీకి పంపిస్తే వచ్చేది వాపు, రక్తం, గ్రాన్యులేషన్ కణజాలం. కణితి అక్కడే ఉన్నా ఆ గీకుడులో ఉండకపోవచ్చు. తిత్తి అయితే గోడ పూర్తి మందంతో, లోపలి పొర చెదరకుండా, కనీసం ఒక సెంటీమీటరు పొడవున రావాలి. సీబీసీటీలో గోడ మందంగా, గడ్డగా ఉన్న చోటి నుంచి ఒకటి, మామూలుగా ఉన్న చోటి నుంచి ఇంకొకటి తీస్తే మరీ మంచిది. ఫోర్సెప్స్‌తో నలిపితే కణాలు చిదికి నీలి గీతలవుతాయి. కాటరీతో కోస్తే అంచు మాడిపోతుంది. డీకంప్రెషన్ (తిత్తికి కిటికీ తెరిచి ఒత్తిడి తగ్గించడం) చేద్దామనుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఓకేసీకి కిటికీ తెరిచి నెలల తరబడి కడుగుతూ ఉంటే దాని పొర మారిపోయి మామూలు నోటి పొరలా తయారవుతుంది. అప్పుడు ముక్క తీస్తే ఏ పెథాలజిస్టూ దాన్ని ఓకేసీ అని చెప్పలేడు. కిటికీ తెరిచిన రోజే ముక్క పంపాలి.

తీసిన ముక్క వెంటనే పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లోకి వెళ్లాలి, ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ద్రవం ఉండాలి. సెలైన్ సీసాలోనో, సర్జికల్ స్పిరిట్‌లోనో వేసి "రేపు పంపుదాం" అనుకుంటే, సెలైన్‌లో కణాలు కుళ్లిపోతాయి, స్పిరిట్‌లో ముడుచుకుని గట్టిపడతాయి. సన్నమూతి ఇంజెక్షన్ సీసాలు కూడా వద్దు. మెత్తగా ఉన్నప్పుడు లోపలికి దూరిన ముక్క, గట్టిపడ్డాక బయటికి రాదు. గట్టి ఎముక ముక్కలూ మెత్తటి ముక్కలూ వేర్వేరు సీసాల్లో పంపితే ల్యాబ్‌కి మేలు చేసినట్టే, ఎందుకో కింద చెబుతాను.

స్లైడులో అమిలోబ్లాస్టోమా ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఎపిథీలియం దీవుల అంచున నిలువుపాటి కణాలు వరసగా కంచె కట్టినట్టు నిలబడతాయి. వాటి కేంద్రకాలు ముదురు నీలంగా ఉంటాయి, అడుగు పొరని వదిలి పైకి, అంటే దీవి మధ్యకి జరిగిపోయి ఉంటాయి. కేంద్రకానికీ అడుగుకీ నడుమ చిన్న తెల్లటి ఖాళీ కనిపిస్తుంది. దీవి మధ్యలో కణాలు వదులుగా, కొమ్మలు చాచుకుని ఉంటాయి. 1970లో వికర్స్, గోర్లిన్ ఈ లక్షణాలని ఒకచోట చేర్చి రాశారు, ఇప్పటికీ వాటిమీదే ఆధారపడతాం. వాపు తగిలినచోట ఇవన్నీ మాయమైపోతాయి. పొర మందమై, వలలా అల్లుకుని, రేడిక్యులర్ సిస్ట్ పొరలాగే తయారవుతుంది. ప్లెక్సిఫార్మ్ రకంలో ఈ కంచె అంత స్పష్టంగా ఉండదు. అందుకే చీము పట్టిన ముక్కలో "కనబడలేదు" అంటే "లేదు" అని కాదు. ఎక్స్‌రేలో వేర్లు నరికినట్టుండి, దవడ రెండువైపులా ఉబ్బి ఉంటే, రిపోర్టు ఏమన్నా సరే ఇంకో ముక్క అడగాలి.

యూనిసిస్టిక్ అమిలోబ్లాస్టోమా విషయంలో నేను కాస్త మొండిగానే ఉంటాను. ఇది మూడు తీరుల్లో ఉంటుంది: పొరలోనే ఉండటం, లోపలి ఖాళీలోకి గడ్డలా పెరగడం, బయటి గోడలోకి దిగడం. మొదటి రెంటికీ ఒలిచి తీయడం చాలు అనేవాళ్లున్నారు. మూడోదాన్ని మామూలు అమిలోబ్లాస్టోమాలా చూడాలి, అంటే ఎక్స్‌రే అంచు దాటి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఎముకతో సహా తీయడం. ఏ తీరో చెప్పాలంటే తిత్తి మొత్తం చూడాలి. గ్రాసింగ్‌లో (ల్యాబ్‌లో ముక్కని కంటితో చూసి కోసేటప్పుడు) సంచిని తెరిచి, లోపల మందమైన చోట్లు వెతికి, కొన్ని మిల్లీమీటర్లకొక ముక్క చొప్పున కోసి, అంచు నిలబెట్టి మైనపు బ్లాకుల్లో పెట్టాలి. ఇన్సిషనల్ బయాప్సీ (కొంత ముక్క మాత్రమే తీసినది) చూసి "లూమినల్ టైప్" (పొరలోనే ఉన్న తీరు) అని తేల్చిచెప్పిన రిపోర్టుని నమ్మొద్దు. ఆ ముక్కలో కనిపించింది అది, అంతవరకే.

దీనికి ఎదురుగా, చూడగానే క్యాన్సర్ అనిపించి కానివి ఉన్నాయి. 1950ల్లో డెన్మార్క్‌లో పింద్‌బోర్గ్ వివరించిన సీఈఓటీలో (కాల్సిఫయింగ్ ఎపిథీలియల్ ఒడాంటోజెనిక్ ట్యూమర్) కేంద్రకాలు పెద్దవీ చిన్నవీ, వికారంగా ఉంటాయి. దాన్ని స్క్వేమస్ క్యాన్సర్ అనుకోకుండా కాపాడేవి మైటోసిస్‌లు (విడిపోతున్న కణాలు) లేకపోవడం, గుండ్రటి పొరలుపొరల కాల్షియం, కాంగో రెడ్ వేసి పోలరైజ్డ్ వెలుగులో చూస్తే ఆకుపచ్చగా మెరిసే అమిలాయిడ్ అనే ప్రోటీన్. తెల్లటి ఖాళీ కణాలు బాగా కనబడితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. క్లియర్ సెల్ ఒడాంటోజెనిక్ కార్సినోమా ఒకవైపు, కిడ్నీ క్యాన్సర్ దవడకి పాకడం ఇంకోవైపు. పొట్ట స్కాన్ తీయించకుండా ఆ రిపోర్టు ఇవ్వకూడదు. జెయింట్ సెల్స్ ఉన్న ముక్క వస్తే రక్తంలో కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) చూడకుండా పేరు పెట్టకూడదు, అది పారాథైరాయిడ్ వల్ల వచ్చిన బ్రౌన్ ట్యూమర్ కావచ్చు. సెమెంటో-ఆసిఫయింగ్ ఫైబ్రోమాని డిస్‌ప్లేసియా నుంచి విడదీయడం స్లైడు మీద దాదాపు అసాధ్యం. అక్కడ సర్జన్ మాటే గతి: "ముద్దలా ఒకటిగా ఊడివచ్చింది" అంటే ఫైబ్రోమా, "ఇసక ఇసకగా ముక్కలైంది" అంటే డిస్‌ప్లేసియా.

ఇప్పుడు జన్యు పరీక్షలు. 2014లో అమిలోబ్లాస్టోమాలో బ్రాఫ్ జన్యువులో వీ600ఈ మార్పు ఉందని బయటపడ్డాక అందరికీ ఆశ పుట్టింది. కింది దవడ అమిలోబ్లాస్టోమాల్లో సగానికి పైగా ఇది ఉంటుంది. పై దవడ వాటిలో ఎస్ఎంఓ జన్యువు మార్పు ఎక్కువ కనిపిస్తుంది. వీఈ1 యాంటీబాడీతో ఇమ్యునో (మారిన ప్రోటీన్‌కి రంగు పట్టించే పరీక్ష) చేస్తే బ్రాఫ్ తెలిసిపోతుంది కూడా. అయితే బ్రాఫ్ అమిలోబ్లాస్టిక్ ఫైబ్రోమాలోనూ ఉంటుంది, కాబట్టి పాజిటివ్ వచ్చిందని పేరు ఖాయం కాదు, నెగెటివ్ వచ్చిందని కొట్టేయనూ లేం. చీము పట్టిన ముక్కలో ఆకారం పోయినప్పుడు, ఎక్స్‌రే గట్టిగా అమిలోబ్లాస్టోమా అంటున్నప్పుడు ఈ పరీక్ష నిజంగా పనికొస్తుంది. క్లియర్ సెల్ కార్సినోమాకి ఈడబ్ల్యూఎస్ఆర్1 జన్యువుకి చేసే ఫిష్ (FISH) పరీక్ష కూడా అలాంటిదే. వీటికి ఒక షరతుంది. ఎముకని మెత్తబరచడానికి నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టిన ముక్కలో డీఎన్‌ఏ చితికిపోతుంది, పరీక్ష పనిచేయదు. ఈడీటీఏలో పెడితే నిలుస్తుంది, కానీ రోజులూ వారాలూ పడుతుంది. మెత్తటి ముక్కని ముందే విడిగా పంపమన్నది ఇందుకే: దానికి యాసిడ్ అవసరమే ఉండదు.

పేర్ల సంగతి కూడా గందరగోళమే. ఓకేసీని డబ్ల్యూహెచ్ఓ 2005లో కణితుల్లోకి మార్చి కేసీఓటీ (కెరటోసిస్టిక్ ఒడాంటోజెనిక్ ట్యూమర్) అంది, 2017లో మళ్లీ సిస్టుల్లోకి తెచ్చింది. పాత రిపోర్టు పట్టుకుని "అప్పుడు ట్యూమర్ అన్నారు, ఇప్పుడు సిస్ట్ అంటున్నారు, తగ్గిందా?" అని అడిగేవాళ్లది న్యాయమైన ప్రశ్న. రోగం మారలేదు, తిరిగొచ్చే గుణమూ మారలేదు. ఒకరికే నాలుగైదు ఓకేసీలు వస్తే, అదీ చిన్నవయసులో, గోర్లిన్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) కోసం చర్మం, పక్కటెముకలు, కుటుంబం అన్నీ చూడాలి.

మన దేశంలో ఓరల్ పెథాలజీ (నోటి, దవడ రోగాల స్లైడులు చదివే శాఖ) ఎండీఎస్‌లో, అంటే దంతవైద్య పీజీలో, విడి విభాగం. చాలా దేశాలకి లేని సౌకర్యం ఇది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత కళాశాల మొదలుకొని విజయవాడ, కడప దాకా, ప్రైవేటు డెంటల్ కాలేజీలన్నిటితో సహా, బీడీఎస్ చెప్పే ప్రతిచోటా ఆ విభాగం ఉంటుంది. అయినా కార్పొరేట్ ఆసుపత్రిలో తీసిన దవడ ముక్క అదే మేడలోని జనరల్ హిస్టోపెథాలజీకి వెళ్తుంది, ఓపీజీ మాత్రం పేషెంటు చేతి సంచిలో ఇంటికి పోతుంది. జనరల్ పెథాలజిస్టుని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఏడాదికి వేల స్లైడుల్లో దవడ కణితులు వేళ్లమీద లెక్కపెట్టేన్ని వస్తే ఎవరి కన్నయినా తడబడుతుంది. ఓపీజీని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినా సరే, ఏమీ లేకపోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. ఫారంలో వయసు, పన్ను నంబరు, ఎన్నాళ్లుగా ఉంది, ఉబ్బు, తిమ్మిరి, వైటాలిటీ, సూదికి ఏమొచ్చింది, లోపల ఏం కనిపించింది, ఇంతకుముందు బయాప్సీ ఉందా అన్నవి రాయడానికి పట్టేది మూడు నిమిషాలు.

పేషెంట్లకి చెప్పేది: రిపోర్టు కాగితంతో ఆగకండి. స్లైడులూ మైనపు బ్లాకులూ ల్యాబ్‌లో ఉంటాయి, రెండో అభిప్రాయం కోసం రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు. పెద్ద కోత అన్నప్పుడు బ్లాకుని ఓరల్ పెథాలజిస్టుకి చూపించడానికి వారం రోజులు పట్టినా అమిలోబ్లాస్టోమా లాంటి నెమ్మది కణితుల్లో ఆ ఆలస్యం వల్ల నష్టం ఉండదు. ఆపరేషన్ ముందటి ఓపీజీ, సీబీసీటీ సీడీ తేదీలతో సహా భద్రంగా ఉంచుకోండి. అమిలోబ్లాస్టోమా తిరిగొస్తే సగానికి పైగా మొదటి అయిదేళ్లలోనే వస్తుంది, కానీ పదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి. అప్పటికి ఆ సర్జన్ ఊరు మారి ఉండొచ్చు, ఆ ల్యాబ్ పాత బ్లాకులు పారేసి ఉండొచ్చు. అందుకని బ్లాకులు ఎన్నేళ్లు ఉంచుతారో ముందే అడిగి, గడువు తీరేలోగా తెచ్చుకోండి. తెచ్చుకున్న మైనపు బ్లాకుని ఎండ తగలని చోట, వేడికి దూరంగా పెట్టండి.